పడమటి గోడ మీది కొంగ

పోయినవారం మా పాత బడి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఊరి మొగదల కట్టిన ఫ్లెక్సీ. దాని మీద ఆయన ముఖం, కింద "కన్నీటి వీడ్కోలు", రెండు మూలల్లో రెండు తెల్ల పావురాలు. ఆ పావురాలు కంప్యూటర్లో ముందే ఉంటాయి. ఎవరు పోయినా అవే వస్తాయి, లీడర్ల పుట్టినరోజులకూ అవే వస్తాయి. "ఎవలి కోసం?" అని అడగకుండా ఒక్క పిట్టను గీయని మనిషి పక్కన, ఎవరి కోసమూ కాని రెండు పిట్టలు. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. గుండె ఆగిందట, రెండు రోజులైందట. గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనేమీ పెట్టలేదు.

ఆయన పేరు రాయడం లేదు. రాసినా ఎక్కువమందికి తెలియదు. కేతేపల్లి చుట్టుపక్కల పిట్టల పెయింటర్ అంటేనే ఇల్లు చూపించేవాళ్ళు. నేను అన్నా అనేదాన్ని. ఆయన మొదట్లో మేడం అనేవాడు, రాకపోకలు పెరిగాక చెల్లె అన్నాడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మొదటిసారి చూశాను. నేనప్పుడు కేతేపల్లి మండలంలో ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. ఆఫీసులకూ బళ్ళకూ బోర్డులన్నీ మార్చి రాయాల్సి వచ్చి, ఆ ఏడు పెయింటర్లకు చేతినిండా పని. మా ప్రహరీ మీద రాష్ట్ర పక్షి పాలపిట్టను వేయమని హెడ్మాస్టరు ఈయన్ని పిలిపించాడు. మోపెడ్ హ్యాండిలుకు రెండువైపులా రంగుల డబ్బాలు వేలాడేసుకుని వచ్చాడు. సన్నటి మనిషి. నిండు ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా. చెవి మీద బీడీ, రెండో చెవి మీద పెన్సిలు. వచ్చీ రాగానే పని మొదలుపెట్టకుండా గోడ ముందు నిలబడి అట్లాగే చూస్తున్నాడు.

"ఏందయ్యా, గోడతోని పెండ్లిచూపులా?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఎవలి కోసం సార్ గీ పిట్ట?"

"ఎవలి కోసమేంది? పైనుంచి ఆర్డరొచ్చింది."

"ఆర్డరుకు కండ్లుండయ్ గద సార్. ఎవలు చూస్తరు దీన్ని?"

"పిల్లలు చూస్తరు. ఇంకెవలు చూస్తరయ్యా!"

"గట్లయితే పిల్లల ఎత్తుల ఏస్త."

మిగతా బళ్ళలో పాలపిట్ట గేటు పైన ఎక్కడో ఉంటుంది. మా బడిలో మాత్రం ఆరో తరగతి పిల్ల నడుము దగ్గర వాలింది. ఆ తర్వాత ప్రహరీ పొడుగునా ఇంకొన్ని పిట్టలు వేశాడు, ఏ పిట్టకైనా కన్ను ఆఖరున పెట్టేవాడు. కన్ను పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. చుట్టూ మూగిన పిల్లలు కూడా బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టేవాళ్ళు. చుక్క పడగానే ఆయన "హా" అని వదిలితే అందరూ ఒక్కసారే వదిలి నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకు నా క్లాసు పాడయ్యేది. తిడదామని ఒకసారి బయటికి వచ్చి నేనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

నేను ఇంగ్లీషు చెప్తానని తెలిసిన మర్నాడు తువ్వాలలో చుట్టిన పుస్తకం ఒకటి తెచ్చాడు. "మేడం, గిది జర చదివి పెడ్తరా?" అన్నాడు. దానికి అట్ట లేదు. వెనకాల సగం లేదు. నందికొండలో డ్యాం క్వార్టర్లకు నంబర్లు వేస్తుంటే, ఎవరో ఖాళీ చేసిపోయిన ఇంటి ముందు చెత్తలో దొరికిందట. పాతకాలంలో చైనా వాళ్ళు వేసిన పిట్టల బొమ్మలు. ఒక్కోదాని కింద రెండు మూడు ఇంగ్లీషు వాక్యాలు. పదో తరగతి తప్పిన చదువుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆయన అప్పటిదాకా పట్టుకున్నది ఒక్కటే, ఇవి వట్టి పిట్టలు కావని.

వారం రోజులు మధ్యాహ్నం అన్నాల వేళ వంటగది అరుగు మీద కూర్చుని చదివి చెప్పాను. ఆయన భార్య మా బడిలోనే పిల్లలకు వండేది. గరిటె చేత పట్టుకుని ఆమె కూడా వినేది. జంట బాతులంటే మొగుడూ పెళ్ళాలు. బారు కట్టి ఎగిరే పెద్దబాతులంటే దూరమైనవాళ్ళ దగ్గర నుంచి వచ్చే ఉత్తరం. నెత్తి తెల్లగా ఉండే చిన్నపిట్టల జత అంటే ఇద్దరి తలలూ కలిసి నెరవాలని. పూరేడు పిట్ట అంటే నెమ్మది. ఆయన పెన్సిలుతో బొమ్మ పక్కనే తెలుగులో రాసుకున్నాడు. పూరేడుకూ నెమ్మదికీ సంబంధమేమిటని అడిగాడు. వాళ్ళ భాషలో ఆ పిట్ట పేరూ నెమ్మది అనే మాటా ఒక్క తీరుగానే పలుకుతాయట అని చదివి చెప్పాను.

పెన్సిలు ఆగిపోయింది. "అంటే పిట్టను చూస్తే మాట ఇనబడాలె."

"అంతే అన్నా."

"అరె! గిది పిట్ట గాదు మేడం. మాట."

ఆనాటి నుంచి ఆయనకు తెలుగులో అదే పిచ్చి పట్టుకుంది. కొంగ అంటే కొంగు అన్నాడు. ఒక లగ్గం ఇంటి గోడకు ఏనుగులూ చిలుకలూ వేయమంటే, రెండు కొంగల మెడలు పెనవేసి గీసి కొంగుముడి అన్నాడు. పిల్లవాడి తండ్రి గల్లా పట్టుకున్నంత పని చేశాడు. "నా కొడుకు లగ్గానికి చాపలు మింగేదాన్ని గీస్తవా? మేమేమన్న దొంగజపం చేసెటోళ్ళమా?" అని. ఈయన నోరెత్తకుండా కొంగల్ని చిలుకలుగా మార్చి వచ్చాడు. మర్నాడు నాకు చెప్పి నవ్వాడు. "ఆయినెకు మాట ఇనబడలే మేడం. చెవుడు పాపం."

ఆ పుస్తకంలో అన్నిటికంటే పెద్ద బొమ్మ కొంగదే. పొడుగు కాళ్ళు, నల్ల మెడ, నెత్తి మీద ఎర్రటి మచ్చ. బొట్టు పెట్టుకున్న కొంగ అని ఆయన దానికి పేరు పెట్టుకున్నాడు. కావాలనే దాన్ని ఆఖరు రోజుకు దాచుకున్నాడు. దాని కింద ఇట్లా ఉంది: కొంగ నిండు ఆయుష్షుకు గుర్తు. ఇంకా అది... అక్కడికి పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ లేదు. ఆ తర్వాత పుస్తకమే లేదు.

"ఇంకా అంటే?" అన్నాడు.

నేను రోజూ బోర్డు మీద ఖాళీలను పూరింపుము అని రాసే మనిషిని. ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు. "ఇంకా మంచిదే ఉంటుందన్నా. ఆయుష్షు తర్వాత ఆరోగ్యమే కదా" అన్నాను. గంట కొట్టారు, లేచి క్లాసుకు పోయాను. ఆయన ఆ కొంగ పక్కన గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు, నిండు ఆయుష్షు, ఇంకా ఆరోగ్యం అని. పుస్తకంలో లేని ఆ రెండోమాట నాది.

ఆ మరుసటి ఏడు ఆయన భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి నెత్తురు శుద్ధి చేయించాలి. ఆరునెలలు అన్నారట డాక్టర్లు. ఆమె అర్రలో కొంగను గీశాడని తెలిసి చూడటానికి వెళ్ళాను. తూర్పుకు తలాపు పెట్టి పడుకోబెట్టారు, మన ఇళ్ళల్లో ఎవరినైనా పెట్టినట్టే. కండ్లు తెరిస్తే ఎదురుగా పడమటి గోడ. కొంగ ఆ గోడ మీద ఉంది. నల్ల మెడా, రెక్కల అంచులూ, కాళ్ళూ, ఎర్రబొట్టూ, అంతే గీశాడు. ఒళ్ళు గీయలేదు. ఒళ్ళంతా గోడ సున్నమే.

"చూడు టీచరమ్మా," అంది ఆమె, ముఖమంతా ఉబ్బి ఉన్నా నవ్వుతూ. "నా కొంగు వట్టుకోనికి గీయనకు కొంగ గావాల్నట."

"పండుకో," అన్నాడాయన. "దాని దిక్కు జూసుకుంట పండుకో."

ఆరునెలలన్న మనిషి మూడేళ్ళు బతికింది. ఆ మూడేళ్ళలో ఆయన పేరు మోగిపోయింది. ఇంట్లో మంచాన పడ్డవాళ్ళుంటే పిట్టల పెయింటర్ని పిలిచేవాళ్ళు. ఆయన పోయి ముందు మంచం దగ్గర కూర్చునేవాడు. ఏమేం తింటున్నారు, నిద్ర పడుతుందా, పొద్దంతా ఏం చూస్తూ ఉంటారు అని అడిగేవాడు. ఆ తర్వాతే గోడ. అన్ని ఇళ్ళల్లో తలాపు తూర్పే కాబట్టి అన్ని కొంగలూ పడమటి గోడల మీదే వాలాయి. కొందరు లేచి తిరిగారు, కొందరు పోయారు. లేచినవాళ్ళు కొంగ పేరు చెప్పారు, పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ కొంగను తప్పుపట్టలేదు. భార్య పోయిన రోజున కూడా ఆయన నాతో అన్నాడు. "డాక్టర్లు ఆర్నెల్లన్నరు చెల్లె. కొంగ మూడేండ్లు ఆపింది." ఏడుస్తూనే గర్వంగా అన్నాడు.

తర్వాత మా అమ్మ పడిపోయింది. పక్షవాతం. అమ్మ అచ్చంపేటలో ఉండేది, నేను అక్కడికి బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాను. అమ్మ కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది, నాకొక్కదానికే అర్థమయ్యేది. కబురు తెలిసి ఆయన పిలవకుండానే మూడు బస్సులు మారి వచ్చాడు. పక్షవాతం అన్న మాటను రెండుసార్లు నోట్లోనే పలికి చూసుకున్నాడు.

"పేర్లనే పక్షి ఉన్నది చెల్లె. అమ్మకు ఒక రెక్క వడిపోయింది, గంతే. రెక్క లేపిన కొంగను గీస్త."

మా దగ్గర చేతిని కూడా రెక్క అనే అంటారు. ఆయన ఆ మాటకు ఎంత సంబరపడ్డాడో! పొద్దంతా గీశాడు. కుడి రెక్క ఎత్తి నిలబడ్డ కొంగ. ఎర్రబొట్టు పెట్టేటప్పుడు అమ్మ ఏదో గొణిగింది. ఏమంటున్నదని అడిగాడు.

"నాకు లేని బొట్టు దానికెందుకు అంటున్నదన్నా" అని చెప్పాను. నాన్న పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆయన పడీపడీ నవ్వాడు. అమ్మ మూతి వంకర నవ్వు ఒకటి నవ్వింది, పడిపోయిన తర్వాత అదే మొదటిసారి. ఆనాటి నుంచి పొద్దున లేస్తే అమ్మ ఆ కొంగతోనే. దానికి పెట్టకుండా తను తినేది కాదు. నేను ఒక మెతుకు గోడకు చూపించాలి, అప్పుడు నోరు తెరిచేది. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని దానిలాగా పైకి లేపడానికి చూసేది. కొద్దిగా లేచేది కూడా.

ఇక నేను చేసిన పని. పాత హెడ్మాస్టరు రిటైర్మెంటు సభకని కేతేపల్లికి బయలుదేరాను. బస్సులో ఊరికే కూర్చోలేక, ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న ఆ సగం వాక్యాన్ని ఫోన్లో వెతికాను. దొరికింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. బడికి చేరేసరికి ఆయన స్టేజీ వెనక గుడ్డ మీద అక్షరాలు రాస్తున్నాడు.

"అన్నా! ఆ 'ఇంకా' దొరికింది!" అని చిన్నపిల్లలా పరుగెత్తుకుంటూ పోయాను.

"గట్లనా! చదువు చదువు."

చదివాను. ముందు ఒకసారి తలలో చదువుకుని ఆ తర్వాత నోరు తెరవాలన్న బుద్ధి నాకు ఆనాడు లేకపోయింది. చైనాలో మనిషి పోతే, చనిపోయాడు అనరట. కొంగనెక్కి పడమటికి పోయాడు అంటారట. చివరి మాట నోట్లోంచి జారుతుండగానే నాకు తెలిసింది నేనేం చదువుతున్నానో.

"ఏ దిక్కన్నవ్?"

నేను ఫోన్ తెర ఆర్పేశాను.

"ఏ దిక్కు చెల్లె?"

"పడమర" అన్నాను.

కుంచెను డబ్బా అంచున తుడిచాడు. ఒక పక్క తుడిచి, తిప్పి రెండో పక్క తుడిచి, గుడ్డతో మళ్ళీ తుడిచాడు. నేను ఏదేదో వాగాను. అది ఎక్కడో వాళ్ళ నమ్మకమనీ, మనకెందుకనీ, జబ్బు మనుషులు కాబట్టే పోయారనీ. "నువ్వే అంటివి కదన్నా, కొంగే వదినను మూడేళ్ళు ఆపిందని."

"ఆపలే చెల్లె," అన్నాడు. "ఆమె కోసం ఎదురుజూసింది."

స్టేజీ మీద హెడ్మాస్టరు పేరు సగంలోనే ఆగిపోయింది. మిగతా అక్షరాలు డ్రిల్లు సారు రాశాడు.

ఆ మరుసటి రోజు నుంచి ఆయన సున్నం బకెట్ పట్టుకుని బయలుదేరాడట. గీసిన కొంగలన్నిటినీ తుడిపేయడానికి. ఎక్కడెక్కడ గీశాడో ఏ కాగితం మీదా లేదు, అన్నీ యాదిలోనే ఉన్నాయి. కొన్ని ఇళ్ళల్లో సరేనన్నారు, కొన్ని ఇళ్ళల్లో పిచ్చి లేసిందన్నారు. ఒక ఇంట్లో మా నాయిన గుర్తుగా అదొక్కటే ఉందని తలుపు వేసుకుంటే, గడప ముందు పొద్దుగూకేదాకా కూర్చున్నాడట. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు మళ్ళీ ఏడుస్తారని. తనొక్కడే మోశాడు. కాదు, నేను ఎత్తిన బరువును తనొక్కడే మోశాడు.

ఆఖరుకు అచ్చంపేటకు వచ్చాడు. గడ్డం మాసిపోయి, చొక్కా చేతులకు రంగు మరకల మీద సున్నం మరకలు. నేను చాయ్ ఇచ్చాను, తాగలేదు. అమ్మ ఆయన్ని చూసి సంతోషంగా ఎడమ చెయ్యి ఊపింది. ఆయన బకెట్ కింద పెట్టి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, నేను తప్పు బొమ్మ గీసిన. తుడుస్త. సరేనా?"

అమ్మ ముఖం మారిపోయింది. తల అడ్డంగా ఊపడానికి మెడ సహకరించదు. నోరు కష్టంగా కదిపింది. "ముట్టకు. దాన్ని ముట్టకు కొడుకా." నాకు స్పష్టంగా వినబడింది.

"అమ్మ ఏమంటాంది చెల్లె?" అని నా వైపు తిరిగాడు. ఆయన కండ్లలో నీళ్ళున్నాయి. ఇదొక్కటి తుడిస్తే ఆయన బరువు దిగుతుంది, ఇక ఇంటికిపోయి నిద్రపోతాడు అనుకున్నాను. అమ్మకేముంది, గోడ మీద ఇంకేదైనా బొమ్మ అతికించవచ్చు అనుకున్నాను.

"కానియ్యి అంటున్నదన్నా" అన్నాను.

మెడ నుంచి మొదలుపెట్టాడు. అమ్మ నా వైపు చూసింది. నేను గిన్నెలు కడగాలని లోపలికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. ఆయన వెళ్ళిపోయాడు. అమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. నాలుగోరోజు నోరు తెరిచి, "మళ్ళ ఎప్పుడొస్తడు?" అంది. దేవుడి క్యాలెండరు తగిలిస్తే దాన్ని చూడలేదు. పాలపిట్ట ఫోటో తెచ్చి అతికిస్తే దాన్నీ చూడలేదు. కుడి చెయ్యి లేపడం మానేసింది.

ఫోన్ చేశాను. ఆయన అప్పటికి పిట్టల్ని గీయడం మానేసి, ఫ్లెక్సీలు కట్టే పనికి పోతున్నాడు. ఎట్లా చెప్పాలో పొద్దంతా తయారు చేసుకున్నాను. "అన్నా, నేను చూసింది తప్పు. అది వేరే కొంగ గురించట. నిజమైన పుస్తకం దొరికింది, ఆ మిగిలిన పేజీ చదివాను. నిండు ఆయుష్షు, ఇంకా ఆరోగ్యం అనే ఉంది. అచ్చం నువ్వు రాసుకున్నట్టే" అన్నాను.

 అవతల ఎవరో నిచ్చెన జరపమని అరుస్తున్నారు.

"చెల్లె," అన్నాడు. "అప్పుడు గూడ గిట్లనే చెప్పినవ్."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలని, ఏడ్చి, బతిమాలి, ఎట్లాగో రప్పించేదాన్ని. అమ్మను మంచిగ చూసుకో అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ మేం మాట్లాడుకోలేదు.

ఆనాడు ఫోన్ పట్టుకుని అర్రలోకి పోతే అమ్మ అడిగింది, ఎప్పుడొస్తడట అని. ఇప్పటికీ అడుగుతుంది. ఈ పొద్దున కూడా ఆ తెల్లగోడ దిక్కే చూస్తూ, నేను ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే ముద్ద అందుకోకుండా, ముందు అదే అడిగింది.

"ఎల్లుండి వస్తడటమ్మా," అన్నాను. నోరు తెరిచింది.